కరిగే దారమా, కరగని దారమా?

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవాలు ఏవైనా రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. బదిలీల గురించీ, పి.ఆర్.సి.ల గురించీ, సమ్మెల గురించీ నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను దారం గురించి రాస్తాను. అనగా మనిషి పొట్టను కుట్టే దారం గురించి.

2024లో నా బొడ్డు దగ్గర రేగుపండంత ఉబ్బు కనిపించింది. దగ్గితే బయటికి వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. సర్జనుగారు వేలితో నొక్కి చూసి, స్కానింగు తీయించి, "బొడ్డు హెర్నియా అండీ. కంత సెంటీమీటరు కూడా లేదు. మెష్ అక్కర్లేదు, కుట్టుతో సరిపోతుంది" అన్నారు. "ఏ దారంతో కుడతారండీ?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూసి, ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఈ ప్రశ్న అడిగిన పేషెంటును నేనే మొదటిసారి చూశానన్నారు.

ఆ ప్రశ్న నా నోట ఎందుకు వచ్చిందో ఆయనకు అప్పుడు చెప్పలేదు. 1978 నుంచి 1989 వరకు ఒక జిల్లా ఆస్పత్రి స్టోర్సు సెక్షనులో గుమాస్తాగా ఉన్నాను. దూది, గాజుగుడ్డ, సూదులు, దారాలు అన్నీ నా స్టాకు రిజిస్టరులోనే ఎక్కేవి, దిగేవి. నేను చేరిన కొత్తలో కాట్‌గట్ అనే దారం సన్నని గాజు గొట్టాల్లో ద్రవంలో మునిగి వచ్చేది. థియేటరులో నర్సమ్మ ఆ గొట్టాన్ని గుడ్డలో చుట్టి పుటుక్కున విరిచేది. తరవాత రేకు పొట్లాలు వచ్చాయి. పట్టుదారం, నారదారం రీళ్ళుగా వచ్చేవి. కావలసినంత కత్తిరించి శుద్ధిచేసి వాడుకునేవారు. దారాల నంబర్లు మొదట్లో నన్ను బాగా తిప్పలు పెట్టాయి. సున్నాలు పెరిగినకొద్దీ దారం సన్నబడుతుంది. 1 నంబరు లావు, 2-0 దానికన్నా సన్నం, 4-0 ఇంకా సన్నం. జీతాల బిల్లుల్లో సున్నా పెరిగితే సంతోషించే గుమాస్తాకు ఈ లెక్క ఎక్కడ ఒంటబడుతుంది? ఒక ఇండెంటులో 2-0 అన్నదాన్ని ఇరవై పొట్లాలుగా చదివి పంపించి చీవాట్లు తిన్నాను.

కాట్‌గట్ అనే పేరులో పిల్లి ఉన్నా ఆ దారంలో పిల్లి లేదు. గొర్రె పేగు పొరతోనో, పశువు పేగు పొరతోనో దాన్ని పేనుతారు. ఈ సంగతి తెలిసిన రోజున మా స్టోర్ కీపరుగారు, పరమ శాకాహారి, ఆ బీరువా తాళంచెవి తెచ్చి నా బల్లమీద పెట్టేశారు. ఆయన రిటైరయ్యేదాకా తిరిగి అడగలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. తల్లి కడుపులో ఉన్నప్పుడు బొడ్డుతాడు దూరివచ్చిన దారి, బిడ్డ పుట్టాక మూసుకుపోవాలి. కొందరికి కొన్నాళ్ళు తెరుచుకునే ఉంటుంది. మన ఇళ్ళల్లో పూర్వం బిడ్డ బొడ్డు ఉబ్బితే రూపాయి బిళ్ల పెట్టి గుడ్డతో కట్టేవారు. నాలుగైదేళ్ళ వయసు వచ్చేసరికి చాలామంది పిల్లలకు దానంతట అదే పూడుకుపోతుంది. ఆ పేరు రూపాయి బిళ్లకు దక్కేది. పెద్దవాళ్ళకు మాత్రం పూడదు. ఎక్కువ కాన్పులైనవారికీ, పొట్ట పెరిగినవారికీ, నీరు పట్టినవారికీ, దగ్గు వదలనివారికీ ఆ పాతదారి మళ్ళీ తెరుచుకుంటుంది. అందులోంచి ముందు కొవ్వు తొంగిచూస్తుంది. ఒక్కోసారి పేగు వచ్చి ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ప్రాణాపాయమే. అందుకే కంత చిన్నదైనా కుట్టటం.

కుట్టటం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. సుశ్రుతసంహితలో గాయాన్ని దేనితో కుట్టవచ్చో జాబితా ఉంది. సన్నని నూలు, జనుపనార, అవిసెనార, స్నాయువు, వెంట్రుక, చివరికి తిప్పతీగ నార. అంటే ఆ రోజుల్లోనూ స్టోర్సులో ఏది ఉంటే అది వాడమనే అన్నమాట! చిరిగిన పేగు అంచులను దగ్గరకు చేర్చి నల్లచీమలచేత కరిపించి, తల ఉంచి ఒళ్ళు తుంచెయ్యమని కూడా ఉంది. తల లోపలే ఉండిపోతుంది, కాలక్రమంలో కరిగిపోతుంది. కరిగే కుట్టు అనే ఆలోచనకు అంతకంటే పాతది నాకు కనిపించలేదు.

రోములో మొదటి శతాబ్దపు సెల్సస్ బొడ్డు ఉబ్బును గురించి ప్రత్యేకంగా రాశాడు. లోపలిది లోపలికి నెట్టి, ఉబ్బు మొదట దారంతో బిగించి కట్టే పద్ధతి చెప్పాడు. రెండో శతాబ్దపు గేలెన్ పట్టుదారాన్నీ పేగుదారాన్నీ రెంటినీ చెప్పాడు. ఇక్కడినుంచి పదిహేడు వందల ఏళ్ళు ఒక్క గంతులో దాటేస్తాను. ఎందుకంటే అన్నాళ్ళూ దారం ఏదైనా చీము తప్పలేదు. లోపల రక్తనాళానికి కట్టిన దారం కొసలను బయటికి వేలాడదీసి, కుళ్ళి ఊడివచ్చేదాకా రోజూ లాగి చూసేవారు. అలాంటి రోజుల్లో పొట్టలో కుట్టు వేసి మూసెయ్యటానికి ఎవరు సాహసిస్తారు?

ఆ భయం పోగొట్టినవాడు జోసెఫ్ లిస్టర్. స్కాట్లండులో గ్లాస్గోలో 1867లో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రపరిచే పద్ధతి ప్రకటించాడు. ఆ తరవాత దారాన్నే ఆ ఆమ్లంలో నానబెట్టాడు. 1868లో ఒక దూడ మెడలోని రక్తనాళాన్ని పేగుదారంతో కట్టి కొసలు కత్తిరించేశాడు. నెల తిరిగాక విప్పి చూస్తే చీము లేదు. దారం ఉన్నచోట కొత్త కండ అల్లుకుని ఉంది. లోపల వదిలేసినా ఫరవాలేని దారం దొరికిందని ఆయన ఉబ్బిపోయాడు. అయితే ఆ దారం మరీ త్వరగా మెత్తబడేది. దాన్ని నిలిపి ఉంచటానికి క్రోమిక్ ఆమ్లంలో పదునుపెట్టటం 1880 ప్రాంతంలో వచ్చింది. తోళ్ళు పదును చేసినట్లేననుకోండి. "క్రోమిక్ కాట్‌గట్, 1 నంబరు, ఇన్ని డజన్లు" అని నేను పదకొండేళ్ళు రాసిన మాట పుట్టింది అక్కడే.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం రాచెస్టరులో విలియం మేయో 1901లో బొడ్డు హెర్నియాకు ఒక ఆపరేషను ప్రకటించాడు. కంత అంచులను పక్కపక్కన కుట్టకుండా, ఒక పొరమీద ఇంకో పొర వచ్చేలా కుట్టటం. కోటు బొత్తాలు పెట్టుకున్నప్పుడు ఒక అంచు రెండోదాని మీదికి వస్తుంది గదా, అలాగన్నమాట. దాదాపు శతాబ్దంపాటు ప్రపంచమంతా అదే నేర్చుకున్నారు. మా ఆస్పత్రిలోనూ అదే చేసేవారు. రెండు పొరలు లాగి ఒకదానిమీదికి ఒకటి తెస్తే బిగువు పెరుగుతుందనీ, చిన్న కంతకు అంచుకు అంచు కుడితే చాలుననీ తరవాతివాళ్ళు అన్నారు.

పేగుదారాన్ని ఒప్పుకోనివారు మొదటినుంచీ ఉన్నారు. బెర్న్‌లో కోకర్, బాల్టిమోరులో హాల్‌స్టెడ్ పట్టువైపు మొగ్గారు. పట్టు చేతికి హాయిగా ఉంటుంది, ముడి జారదు. కానీ అది పేనిన దారం, పోగుల సందుల్లో క్రిములు దాక్కుంటాయి. ఆపరేషనైన ఆరు నెలలకు మచ్చమీద చిన్న పుండు లేచి, అందులోంచి నల్లని దారం ముక్క బయటికి రావటం నేనెరిగిన చాలామందికి జరిగింది. "దారం కక్కింది" అనేవారు. ఇంకో తమాషా ఏమిటంటే, కరగనిదాని కింద లెక్కవేసే పట్టు కూడా ఒంట్లో ఏడాది తిరిగేసరికి చాలావరకు బలం పోగొట్టుకుంటుంది. రిజిస్టరులో ఒక కాలములో ఉంటుంది, నడత ఇంకో కాలములో.

1935లో డ్యూపాంట్ కంపెనీలో కారథర్స్ నైలాను కనిపెట్టాడు. 1954లో ఇటలీలో నట్టా పాలిప్రొపిలీను తయారుచేశాడు. అది 1969లో ప్రోలీన్ అనే నీలంరంగు కుట్టుదారంగా వచ్చింది. ఒంటిపోగు, నున్నన, క్రిములకు చోటు లేదు, ఏళ్ళు గడిచినా బలం తగ్గదు. దాని దోషమల్లా నున్నదనమే. ముడి జారుతుంది, నాలుగైదు ముళ్ళు అదనంగా వెయ్యాలి. బక్కపలచనివారికి ఆ ముడి చర్మం కింద మినపగింజలా తగులుతూ ఉంటుంది కూడా.

ఇంకోవైపు కరిగేవాటిలోనూ కొత్తవి వచ్చాయి. 1970లో డెక్సాన్, 1974లో విక్రిల్, 1980 తరవాత పి.డి.ఎస్. డెక్సాన్ తెచ్చిన డేవిస్ అండ్ గెక్ అనే సంస్థ అమెరికన్ సయనమిడ్ కంపెనీది. అదే కంపెనీకి చెందిన లెడర్లీ లాబరేటరీస్‌లోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940 నుంచి 1948లో కన్నుమూసేవరకు పనిచేశారు. ఆ దారానికీ ఆయనకూ సంబంధమేమీ లేదు. అయినా ఒకే యజమాని కింద పనిచేసిన వేరే సెక్షను అని చదివినప్పుడు గుమాస్తా మనసుకు ఏదో దగ్గరితనం తోచింది. కాట్‌గట్‌ను ఒంట్లోని ఎంజైములు తినేస్తాయి, చీముపడితే ఇంకా త్వరగా తింటాయి. ఈ కొత్తదారాలు ఒంట్లోని నీటివల్ల ఇంచుమించు లెక్కప్రకారం విడిపోతాయి.

ఇప్పుడు క్యాలెండరు ముందు పెట్టుకుని చూడండి. మొత్తం విషయం ఇక్కడే ఉంది. చర్మం వారం పదిరోజుల్లో అతుక్కుంటుంది. దాని కింద కడుపుగోడలో ఉండే గట్టి పొర అంత త్వరగా తేరుకోదు. రెండు వారాలకు దానికి పూర్వబలంలో ఐదోవంతు వస్తే గొప్ప. సగం రావటానికి రెండు నెలలు కావాలి. పూర్తిగా ఎన్నటికీ రాదు. మామూలు కాట్‌గట్ వారం పదిరోజుల్లో చేతులెత్తేస్తుంది. క్రోమిక్ రెండు మూడు వారాలు నిలుస్తుంది. విక్రిల్‌కు మూడు వారాలకు సగం బలం మిగులుతుంది. పి.డి.ఎస్.కు నాలుగు వారాలకు సగం, ఆరు వారాలకు కొంత. ప్రోలీన్ ఉండిపోతుంది. అంటే క్రోమిక్ దారం చార్జి అప్పగించి వెళ్ళిపోయేనాటికి, చార్జి తీసుకోవలసిన పొర ఇంకా జాయినే కాలేదన్నమాట.

ఈ లెక్క 1984లో నాకు తెలియదు. తెలిసినవారు ఒకరు మా ఆస్పత్రిలో ఉన్నారు. కొత్తగా బదిలీమీద వచ్చిన సర్జనుగారు. హెర్నియా ఆపరేషన్లకు ప్రోలీన్ కావాలని ఇండెంటు పెట్టారు. మా మేనేజరుగారికి 56 నిండి ఉండటంతో, 1983లో పదవీవిరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఇంటికి వెళ్ళిపోయారు. (ఆ ఏడు మనలో ఎవరికి గుర్తులేదు?) ఆ సీటు పని కూడా నామీదే పడింది. సెంట్రల్ స్టోర్సులో ప్రోలీన్ లేదు. స్థానికంగా కొనాలి. ధర కాట్‌గట్‌కు కొన్ని రెట్లు. ఆడిట్ వాళ్ళు అంతకుముందే స్థానిక కొనుగోళ్ళమీద అభ్యంతరాలు రాసిపోయారు. నేను ఇంగ్లీషులో నోటు రాశాను. తెలుగులో చెప్పాలంటే, "క్రోమిక్ కాట్‌గట్ తగినంత నిల్వ ఉన్నందున, అధిక ధర గల ఈ వస్తువు కొనుగోలుకు ఆవశ్యకత కనిపించదు" అని. నిబంధన ప్రకారం అక్షరం తప్పు లేదు. సూపరింటెండెంటుగారు కింద సంతకం చేశారు. సర్జనుగారు నా సీటుదాకా వచ్చి, "ఆవశ్యకత కడుపులో కనిపిస్తుందండీ, ఫైల్లో కనిపించదు" అని వెళ్ళిపోయారు. నాకు కోపం వచ్చింది. ఒక గుమాస్తా సీటు దగ్గరికి వచ్చి డాక్టరు మాటవిసరటమేమిటని ఆ సాయంత్రం సెక్షనంతా చెప్పుకున్నాం.

ఆ ఏడాదే మా సెక్షను అటెండరుకు బొడ్డు హెర్నియా ఆపరేషనయింది. మూడువేళ్ళు కూడా పట్టని చిన్న కంత. క్రోమిక్ కాట్‌గట్‌తో కుట్టారు. ఆ పొట్లం జారీచేసింది నేనే, రిజిస్టరులో నా పొడి సంతకం ఉంది. ఏడాదిన్నర తిరగకుండా అదేచోట మళ్ళీ ఉబ్బింది. రెండోసారి అతను ఆపరేషనుకు ముందు సర్జనుగారు రాసిచ్చిన చీటీ పట్టుకుని, ప్రోలీన్ పొట్లాలు సొంత డబ్బుతో పట్నం నుంచి తెప్పించుకున్నాడు. నలుగురు పిల్లలున్నవాడు, ఆ డబ్బు మా సెక్షనులో చేబదులే తీసుకున్నాడు. నేనూ ఇచ్చాను. ఎందుకు కొనవలసివచ్చిందో మాత్రం చెప్పలేదు.

నా నోటువల్లే అతనికి తిరగబెట్టిందని కచ్చితంగా అనలేను. అతను బీడీలు కాల్చేవాడు, దగ్గేవాడు, మూడో వారానికే రికార్డురూములో లెడ్జర్లు మోశాడు. కుట్టు వేసే చెయ్యి కూడా లెక్కే. అంచుకు మరీ దగ్గరగా వేసినా, మరీ బిగించినా, జున్నుగడ్డను దారం కోసినట్లు పొరను కోసేస్తుందని నా సర్జనుగారు చెప్పారు. ఇవన్నీ నిజమే. నా నోటు ఉన్నదీ నిజమే.

తరవాతి చరిత్ర క్లుప్తంగా చెబుతాను. పశువుల్లో పిచ్చిరోగం ఇంగ్లండులో 1986లో గుర్తించారు. ఆ భయంతో 2001లో యూరోపులో కాట్‌గట్‌ను వాడుకనుంచి తప్పించారు. మన దేశంలో ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు నడిచింది. ఈలోగా దారాల తగవు మధ్యలోకి మెష్ వచ్చింది. అమెరికాలో ఫ్రాన్సిస్ అషర్ 1958లో ప్లాస్టిక్ వలతో హెర్నియాలు పూడ్చటం ప్రకటించాడు. బొడ్డు హెర్నియాలో కుట్టునూ వలనూ పోల్చి స్పెయినులో 200 మందిమీద చేసిన పరీక్ష 2001లో వచ్చింది. కుట్టినవారిలో నూటికి 11 మందికి, వల వేసినవారిలో ఒక్కరికి తిరగబెట్టింది. 2018లో మరో పరీక్ష 300 మందిమీద వచ్చింది, కంత 1 నుంచి 4 సెంటీమీటర్లు. కుట్టుకు 12, వలకు 4. చూశారా, మంచిదారంతో కుట్టినా నూటికి పదిమందికి పైగా తిరిగివచ్చారు. వలమీద జరిగినన్ని పరీక్షలు ఒక దారాన్ని ఇంకో దారంతో పోల్చి జరగలేదు. వల అమ్మితే వచ్చేంత లాభం రెండు మూరల దారంలో ఉండదు గదా అని నా అనుమానం.

వల కూడా బీదవాడికి అందని రోజులున్నాయి. మహారాష్ట్రలో ధూలే జిల్లా దొండైచాలో డాక్టరు టోంగావ్కర్ దోమతెర గుడ్డను శుద్ధిచేసి హెర్నియాలకు వాడారు. 2003లో ఆ ఫలితాలు ప్రకటించారు. నవ్వినవాళ్ళు నవ్వారు. తరవాత ఉగాండాలో గజ్జల హెర్నియాలమీద దోమతెర గుడ్డనూ కంపెనీ వలనూ పోల్చి చూసి, ఏడాది తిరిగినా చెప్పుకోదగ్గ తేడా లేదని 2016లో తేల్చారు. అలాంటి ఇండెంటు నా సీటుకు వచ్చి ఉంటే ఏమి రాసేవాణ్ణో ఊహించుకోగలను.

"చిన్నది" అన్నమాటకు అర్థం కూడా మారింది. 2009 వర్గీకరణలో 2 సెంటీమీటర్లలోపు చిన్నది. 2020 నాటి యూరోపు, అమెరికా సంఘాల మార్గదర్శకాల్లో 1 సెంటీమీటరు వరకే చిన్నది. అంతకు మించితే వల వెయ్యమంటారు, లోపైతే కుట్టుతో సరిపెట్టవచ్చంటారు. టాక్సు శ్లాబు మార్చినట్లు మార్చారు. నేను కొత్త శ్లాబులో కూడా చిన్నవారి జాబితాలోనే పడ్డాను.

నా ప్రశ్నకు సర్జనుగారు జవాబు చెప్పారు. నిదానంగా కరిగేదైనా వెయ్యొచ్చు, కరగనిదైనా వెయ్యొచ్చు, త్వరగా కరిగేది మాత్రం వెయ్యను, నా అలవాటు ప్రోలీన్ అన్నారు. మరునాడే ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో దారం పేరు, నంబరు రాయించుకున్నాను. రీయింబర్స్‌మెంటు బిల్లుకు అది అక్కర్లేదని మావాడు విసుక్కున్నాడు. ఆరువారాలు బకెట్టు ఎత్తలేదు.

కొన్నాళ్ళకు లైఫ్ సర్టిఫికెట్టు పనిమీద ట్రెజరీకి వెళితే, వరండాలో బల్లమీద మా పాత అటెండరు కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఫోనులోనే ఇవ్వవచ్చునంటారు గానీ, మా ఇద్దరి వేలిముద్రలూ ఆ యంత్రానికి పట్టవు. నా ఆపరేషను సంగతి చెప్పాను. తరవాత నలభై ఏళ్ళనాటి నోటు సంగతి కూడా చెప్పాను. పూర్తిగా విన్నాడు.

"ఆ ఫైలు తెలుసండీ," అన్నాడు. "సూపరింటెండెంటుగారి బల్లమీద పెట్టి, సంతకమయ్యాక మీకు తెచ్చిచ్చింది నేనే గదండీ. ఇంగ్లీషులో ఉంది, ఏముందో మనకేం తెలుసు."

కాసేపు ఇద్దరం కౌంటరు వైపు చూస్తూ కూర్చున్నాం. లోపల ఇంకా పేర్లు పిలవటం మొదలుపెట్టలేదు.

"మీకే రంగుది వేశారండీ?" అని అడిగాడు.

నీలందన్నాను.

"నాదీ రెండోసారి నీలందేనండీ. ఇంతవరకు కదల్లేదు," అని చొక్కామీదనుంచే బొడ్డు తడుముకున్నాడు.